మా మామగారి కొయ్యబాకా

మా మామగారు పోయారు. కిందటి నెల ఒక మధ్యాహ్నం భోంచేసి పడక కుర్చీలో వాలిన మనిషి మళ్ళీ లేవలేదు. వీధి చివరి డాక్టరు వచ్చి నాడి చూసి, గుండె మీద గొట్టం పెట్టి విని, తల అడ్డంగా ఊపితే మా ఆయన ఒప్పుకోలేదు. "ఇంకోసారి చూడండి సార్" అన్నారు. డాక్టరు విసుక్కోకుండా ఇంకోసారి చూశారు. అంత ఏడుపులోనూ నాకు ఒక్క క్షణం నవ్వొచ్చింది. ఎవరేం చెప్పినా ఒక్కసారికే నమ్మకూడదని మా ఆయనకి నేర్పింది ఆ కుర్చీలో ఉన్న మనిషే మరి.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు వెన్నలాంటి మనసనీ, ఎవరినీ పల్లెత్తు మాట అని ఎరగరనీ రాయడం వాడుక. మా మామగారి గురించి అలా రాస్తే ముందు ఆయనే నమ్మరు. ఆయన అనుమానం మనిషి. పాలవాడు ఆవుని మా గుమ్మం ముందర కట్టి పితికినా సరే, ముందు చెంబు బోర్లించి చూపించాలి. గోడ గడియారాన్ని మిల్లు కూతతో సరిచూసేవారు. రెండూ కలవకపోతే మిల్లునే అనుమానించేవారు. ఆయన వస్తున్నారంటే వాషర్మన్‌పేట బజారులో కొట్టువాళ్ళు తక్కెడ తుడిచి పెట్టుకునేవాళ్ళు.

ఆయన బట్టల మిల్లులో మేస్త్రీ. మగ్గాల షెడ్డులో పని. ఆ మోతలో మనిషి పక్కన నిలబడి అరిచినా వినపడదట. పనివాళ్ళు ఒకరి పెదాలు ఒకరు చూసుకుని మాటలు తెలుసుకుంటారు. పగలంతా అలా గడిపి ఇంటికొచ్చే మనిషికి ఒకటే కోరిక. "ఒక్క గొంతు, కల్తీ లేకుండా వినాల" అనేవారు. ఇంట్లో రేడియో ఉంది. దాన్నీ నమ్మలేదు. "ఇది మనిషి గొంతు కాదమ్మా, డబ్బా గొంతు. పాడేది ఆ పక్క, మధ్యలో ఈ డబ్బా తన మాట కలపతా ఉండాది" అనేవారు. పెళ్ళిళ్ళకి పందిరి మీద కట్టే రేకు బాకా ఆయనకి ఇంకా అపనమ్మకం. అందుకని కొయ్యతో బాకా కట్టడానికి పూనుకున్నారు. సన్నటి మూతి దగ్గర చిన్న స్పీకరు యూనిట్టు ఒకటి బిగించి, అక్కణ్ణించి మెల్లమెల్లగా వెడల్పవుతూ వచ్చే కొయ్య గొట్టంలోంచి పాటను బయటికి పంపడం. యూనిట్టు మూర్ మార్కెట్టులో దొరికింది, యుద్ధం అయ్యాక మిలిటరీవాళ్ళు వదిలేసిన సామానులో. రేడియో వెనకనించి రెండు తీగలు లాగి దానికి కలిపితే చాలు.

నేను కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టేటప్పటికి యూనిట్టు ఒక్కటే ఉంది, బాకా లేదు. అత్తగారు నా పెళ్ళికి ముందే పోయారు. ఇంట్లో మామగారు, మా ఆయన, నేను. వెనక పోర్షన్లో అద్దెకి వడ్రంగం చేసే ఆచారి కుటుంబం.

వచ్చిన వారంలోనే మామగారు వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "అమ్మాయ్, నీ మెళ్ళో గొలుసు ఒక్క పూట ఇస్తావా?" అన్నారు.

మాది నెల్లూరు పక్క పల్లె. పట్నంలో ఎవరికీ గొలుసు తీసి ఇయ్యబాక అని మా అమ్మ వంద సార్లు చెప్పి పంపింది. అందులో మామగారు కూడా లెక్కకి వస్తారో రారో చెప్పలేదు. మా ఆయన వైపు చూశాను. ఆయన దూలాల వైపు చూస్తున్నారు. తీసి ఇచ్చాను కానీ వంటింట్లోకి పోలేదు. హాలు గుమ్మంలో కూర్చుని ఆయన చేతుల్నే చూస్తూ ఉన్నాను.

మామగారు గోడకి సరిసమానంగా రెండు మేకులు కొట్టారు. గొలుసు ఒక కొస ఈ మేకుకి, ఒక కొస ఆ మేకుకి తగిలించి వదిలేశారు. గొలుసు మధ్యలో వాలి, రెండు పక్కలా పైకి లేచి నిలిచింది. అది ఊగడం ఆగేదాకా ఊపిరి బిగపట్టి చూసి, పెన్సిలుతో గోడ మీద ఆ వంపు గీసుకున్నారు. అందులో సగం, అంటే అడుగునుంచి ఒక మేకు దాకా, పెద్దది చేసి గీస్తే బాకా పక్క పలక వంపట. అంతకుముందు దారంతో చూస్తే మెలిక పడిందట, ఇనప గొలుసు మొద్దుగా వాలిందట.

గీత అయ్యాక నన్ను అక్కడే చూసి ముఖం చిట్లించారు. నేను భయపడ్డాను. "ఇంతసేపూ ఈడనే కూర్చున్నావా?" అన్నారు. తలూపాను. "మంచి పని చేసినావు. సొమ్ము చేతికిచ్చి చూడకుండా పక్కకి పొయ్యేదాన్ని నేను నమ్మను."

ఆ పూట అన్నం మాడింది. మాడిన అన్నం గురించి ఆయన ఒక్క మాట అనలేదు.

బాకా కట్టడం నెలల తరబడి సాగింది. టేకు అమ్మేవాడు ఎండిన చెక్క అంటే వేలితో కొట్టి విని, వాసన చూసి, "చెక్క పచ్చిది, నీ మాట ఎండింది" అని వెనక్కి పంపించారు. చివరికి పాత ఇంటి తలుపుల చెక్క తెచ్చి, ఆచారి చేత పలకలు తీయించారు. రెండు పక్క పలకలు గొలుసు వంపుకి కోసి, పైనా కిందా పలచటి చెక్కలు వేడి నీళ్ళతో తడిపి, ఆ వంపు మీద మెల్లగా ఒంచి, బంక పెట్టి బిగించారు. చేతులు ఆచారివి, అనుమానాలు మామగారివి. "ఆచారీ, ఈడ సందుంది." "లేదు మేస్త్రీ." "ఉండాది." అగరొత్తి వెలిగించి, రేడియో పెట్టి, అతుకుల వెంబడి పొగ నడిపేవారు. పొగ ఎక్కడ వణికితే అక్కడ గాలి కారుతున్నట్టు. "అదో, దొంగ" అనేవారు. ఆయన భాషలో తప్పు అనేదే లేదు, దొంగ అనేదే ఉంది. చెక్క మీద వేలితో కొట్టి, డొల్లగా మోగిన చోటల్లా గోనెగుడ్డ అంటించేవారు. మూతికీ యూనిట్టుకీ మధ్య సైకిలు ట్యూబు ముక్క పెట్టేవారు, తీసేవారు, తోలు పెట్టేవారు.

పూర్తయ్యేటప్పటికి మనిషంత పొడుగు బాకా, నోరు కిటికీ అంత. హాలు సగం అదే. వీధి వైపు నోరు తెరుచుకుని ఉండటంతో పక్కింటావిడకి అనుమానం పుట్టింది. అది పాడేదో వినేదో ఎవరికి తెలుసని, మొగుడితో పోట్లాడాలంటే కిటికీ మూసేది.

మొదటిసారి పాడిన రోజు నాకు బాగా గుర్తు. రేడియోలో ఎవరో పెద్దావిడ కచేరీ. పాట ఎత్తుకోబోయే ముందు ఆవిడ ఊపిరి పీల్చడం వినపడి, నేను ఇంట్లోకి ఎవరో వచ్చారనుకుని వెనక్కి తిరిగాను. మామగారు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఆచారి గడప మీద కూర్చుని, "ఇప్పుడేమంటావు మేస్త్రీ?" అన్నాడు. "ఇంకా రెండు రోజులు చూసి చెప్తా" అన్నారు మామగారు.

కొంతకాలం మా ఇల్లు నిజంగా సుఖంగా ఉంది. తర్వాత ఒక వానాకాలం అనుమానం మళ్ళీ లేచింది.

"దీని గొంతు మారింది" అన్నారు. తాళం మోత వినపడటం లేదట. ఫిడేలు మీద కమాను గీరుకునే ఆ సన్నటి జీర లేదట. ఎవరో పాట మీద దుప్పటి కప్పినట్టుందట. ముందు వాన చెమ్మని అనుమానించారు. కుంపటి పెట్టి హాలంతా ఎండబెట్టారు. ఎలకల్ని అనుమానించారు. బంకని, చెక్కని, కరెంటుని, చివరికి నా చీపురుని కూడా. చిమ్మేటప్పుడు బాకా జరుగుతోందేమోనని నేల మీద సుద్దతో గీత గీశారు.

"బాగానే పాడతా ఉండాది కదా మామయ్యా" అన్నాను ఒకరోజు. నిజంగానే నాకు ఏ తేడా తెలియలేదు.

"బాగానే అంటే ఏంది?" అని గయ్యిమన్నారు. "సుమ్మా ఊరికే నన్ను ఊరడించబాక."

మా ఆయన కూడా బాగుందన్నారు. కొడుకు మాటా చెల్లలేదు. ఇంట్లో అందరం కూడబలుక్కున్నామని ఆయనకి కొత్త అనుమానం.

చివరికి ఆ అనుమానం వెళ్ళి ఆచారి మీద వాలింది. అంతకుముందు ఒకనాడు, మామగారు మిల్లులో ఉండగా, యూనిట్టు మరలు వదులయ్యాయని ఆచారి వచ్చి బిగించిపోయాడు. నేనే తలుపు తీశాను. అది గుర్తొచ్చింది ఆయనకి. యూనిట్టు లోపల కదిలే పలచటి పొర ఒకటి ఉంటుంది, పాటంతా దాని మీదే పుడుతుంది. మంచి పొర తీసుకుని, నాసిరకం పొర పెట్టాడని నిశ్చయించుకున్నారు. వీధి అరుగు మీద, అందరూ వింటుండగా అనేశారు.

"మేస్త్రీ, నేను తాకింది మర. మర తప్ప ఇంకేదీ తాకలేదు" అన్నాడు ఆచారి.

"తాకకపోతే గొంతు యాడికి పోయింది?"

"నాకేం తెలుసు?"

"తెలియనోడు నా ఇంట్లో ఉండనక్కర్లేదు. వేరే ఇల్లు చూసుకో."

ఆచారి కూతురు అప్పుడే తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చి ఉంది, నెలలు నిండుతున్నాయి. ఆ స్థితిలో ఇల్లు మారడమంటే మాటలా? ఆచారి భార్య నీళ్ళ పంపు దగ్గర నాతో మాట్లాడటం మానేసింది. నేనుంటే బిందె పట్టుకుని వెనక్కి పోయేది. ఆచారి రోజూ సాయంత్రం ఇల్లు వెతకడానికి పోయి వచ్చేవాడు. మా ఆయన తండ్రికి చెప్పబోతే, "నువ్వు దీంట్లో తలదూర్చబాక" అని ఒకే మాటతో నోరు మూయించారు. ఒక మనిషి అనుమానం ఒక ఇంటిని ఎంత పరాయిది చేయగలదో ఆ రోజుల్లో చూశాను.

అలా ఉండగా ఒక ఆదివారం పొద్దున. అప్పటికే హాలులో అత్తగారి ఫొటో వెనకాల పిచుకలు గూడు పెట్టి ఉన్నాయి. మామగారు బాకా ముందర కుర్చీ వేసుకుని కూర్చుని, తల పైకెత్తి ఫొటో వైపు చూసి, "అమ్మాయ్, ఆ గూడు తీసి పారెయ్. గుడ్లు మురిగిపోయినట్టుండాయి. ఒక్క కూత లేదు" అన్నారు.

నేను చేతిలో చేట పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పొద్దున్నించి ఆ పిచుక పిల్లల కీచు అరుపులకి నా చెవులు హోరెత్తిపోతున్నాయి.

"పిల్లలు అరస్తా ఉండాయి కదా మామయ్యా!"

ఆయన నా మొహంలోకి చూశారు. ఎప్పుడూ అలాగే చూస్తారు. అబద్ధం పట్టుకోడానికి చూస్తారనుకునేదాన్ని ఇన్నాళ్ళూ. ఆ క్షణంలో తెలిసింది, ఆయన చూస్తున్నది నా పెదాల్ని.

"ఎవరు చెప్పమన్నారు నీకు ఈ మాట?" అన్నారు.

ఆయన స్టూలు లాక్కుని ఎక్కారు. ఫొటో కాస్త ముందుకి వంచారు. తల్లి పిచుక బుర్రుమని ఎగిరిపోయింది. మీద నీడ పడేసరికి పిల్లలన్నీ ఒక్కసారి నోళ్ళు తెరిచాయి. ఎర్రటి నోళ్ళు, మెడలు సాచి, ఒంటిమీది సత్తువంతా కూడగట్టి అరుస్తున్నాయి. ఆయన మొహం వాటికి జానెడు దూరంలో ఉంది.

చాలాసేపు అలాగే నిలబడ్డారు.

"అరస్తా ఉండాయా?" అన్నారు, నా వైపు తిరక్కుండా. వెంటనే జ్ఞాపకం వచ్చినట్టు తిరిగి నా పెదాల వైపు చూశారు.

"అరస్తా ఉండాయి."

"ఇప్పుడు కూడా?"

"ఇప్పుడు కూడా మామయ్యా."

దిగి స్టూలు మీదే కూర్చున్నారు. బీరువా తాళాల గుత్తి తెమ్మన్నారు. కళ్ళు మూసుకుని, చెవి దగ్గర ఆడించుకున్నారు. ఇంకో చెవి దగ్గర ఆడించుకున్నారు. నన్ను వెనక్కి పోయి ఏదో ఒకటి మాట్లాడమన్నారు. నేను ఏం మాట్లాడాలో తోచక, "కూరకి వంకాయలు తరిగాను" అన్నాను. ఏదో గొణిగినట్టుందట, మాట తెలియలేదట. అన్నేళ్ళ మగ్గాల మోత తినేసింది ఆయన చెవుల్ని, సన్నటి చప్పుళ్ళు ముందుగా. షెడ్డులో నేర్చిన పెదాల విద్యతో నెట్టుకొచ్చారు గనుక ఆ సంగతి ఎవరికీ తెలియలేదు, ఆయనతో సహా.

తాళాల గుత్తి ఒళ్ళో పెట్టుకుని, చూపుడువేలు చెవి మీద ఆనించి, "దొంగ ఈడ ఉండాడు" అన్నారు. ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతు నేను ఎన్నడూ వినని గొంతు.

లేచి వెనక పోర్షన్‌కి పోయారు. నేను వెనకే వెళ్ళాను, ఏమవుతుందోనని. ఆచారి పెరట్లో పనిముట్లు గోనెసంచిలో సర్దుకుంటున్నాడు.

"ఆచారీ, ఇల్లు ఖాళీ చెయ్యబాక."

"ఎందుకో?" అన్నాడు ఆచారి, తలెత్తకుండా.

"నా మొహం చూసి మాట్లాడు. లేకపోతే నాకు తెలీదు." ఆచారి తలెత్తాడు. "మారిన పొర నీ దగ్గర లేదు. నా చెవిలో ఉండాది. అరుగు మీద అన్న మాట అరుగు మీదనే వెనక్కి తీసుకుంటా. రా."

నిజంగానే అరుగు మీద నిలబడి, పక్కింటావిడ కిటికీ తెరిచేదాకా ఆగి, ఆ మాట చెప్పారు. ఆచారి మటుకు అంత తొందరగా కరగలేదు. అతని కూతురు మా వెనక పోర్షన్లోనే మగపిల్లాణ్ణి కన్నది. బారసాలకి మామగారు వెళ్ళి కూర్చున్నారు. కాఫీ ఇచ్చారు గానీ ఆచారి మా హాలులోకి మళ్ళీ అడుగుపెట్టడానికి ఇంకా చాలా రోజులు పట్టింది. అతన్ని తప్పు పట్టలేను.

తర్వాత ఆయన బాకాని గుడ్డ కప్పి మూలన పెట్టేస్తారనుకున్నాను. అలా చేయలేదు. ఒకనాడు నన్ను పిలిచి బాకా ముందర కూర్చోబెట్టారు. ఆయన పక్కన కూర్చుని, టేకు మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు నా పెదాల మీద పెట్టారు. "బాగుంది అనొద్దు. ఏం వినపడిందో అది చెప్పు" అన్నారు.

మొదట్లో చేతకాలేదు. పాట వినపడుతోంది అనేదాన్ని. "పాట కాదమ్మా. పాటలో ఏముంది?" మెల్లగా చెవి తెరుచుకుంది. పాడేవాళ్ళు పెదాలు తడుపుకోవడం, మృదంగం మీద వేలు ముందు పడుతుందా అరచెయ్యి ముందు పడుతుందా, ఫిడేలు గీత చివర తోకలాగా మిగిలే జీర, ఒక్కొక్కటే చెప్పేదాన్ని. ఆయన గోనెగుడ్డ ఒకచోట తీసి ఇంకోచోట అంటించేవారు. ఆచారి చిత్రిక పట్టేవాడు. మళ్ళీ వినమనేవారు. నేనేం తక్కువా, నన్నూ అనుమానించేవారు. నేను వంటింట్లో ఉండగా బాకా నోట్లో దూది కూరి, ఏమీ ఎరగనట్టు పిలిచి, "ఎట్లుంది?" అనేవారు.

"జలుబు చేసినట్టుంది" అన్నాను మొదటిసారి.

ఆయన దూది లాగి నా చేతిలో పెట్టి, పగలబడి నవ్వారు. ఆ తర్వాత ఎన్నడూ నన్ను పరీక్షించలేదు. పాలవాణ్ణి నమ్మని మనిషి, గడియారాన్ని నమ్మని మనిషి, నా రెండు చెవుల్నీ నమ్మారు. నాకు మా పుట్టింటివాళ్ళు పెట్టిన సొమ్ములకంటే అది పెద్దది.

ఆదివారాలు వీధివాళ్ళు అరుగు మీద కూర్చుని కచేరీ వినేవాళ్ళు. పక్కింటావిడ కూడా వచ్చేది. మామగారు బాకా వైపు వీపు పెట్టి, వాళ్ళ వైపు తిరిగి కూర్చునేవారు. పాట ఆయనకి వాళ్ళ మొహాల్లో వినపడేది.

ఈ ఏడు ఎండలు ముదరకముందు తిరువొత్తియూరులో మా ఆడబిడ్డ ఇంటికి రైల్లో వెళ్ళాం. సాయంత్రం మామగారు సముద్రం చూస్తానన్నారు. చేపల పడవలు దాటి నీళ్ళ దాకా వెళ్ళాం. ఆయన పంచె కాస్త ఎత్తిపట్టుకుని, అలల వైపు చూస్తూ నిలబడ్డారు. చాలాసేపటికి, "అమ్మాయ్, ఇది మాత్రం నాకు నిండుగా వినపడతా ఉండాది" అన్నారు. ఆ మాటలో ఎంత సంతోషమో.

ఇంకో రెండు అలలు వచ్చి పోయాయి. ఆయన నా వైపు తిరిగారు. కళ్ళలో మళ్ళీ ఆ పాత అనుమానం.

"ఇందులో నాకు అందనిది ఏమన్నా ఉండాదా?"

ఏమీ లేదనొచ్చు. ఆయన నా పెదాలనే చూస్తున్నారు.

"అల వెనక్కి పొయ్యేటప్పుడు ఇసక మీద నురుగు చిటచిటమంటా ఉండాది మామయ్యా. శానా సన్నంగా."

"ప్రతి అలకీనా?"

"ప్రతి అలకీ."

ఆయన తలూపారు. అల ఒకటి వచ్చి, పాదాలు దాటి, ఆగి, జారిపోయింది. ఆయన గొంతుకూర్చున్నారు. ఇసక మీద మిగిలిన నురుగు మీద అరచెయ్యి మెల్లగా ఆనించారు. పంచె తడుస్తోందని వెనకనించి మా ఆయన కేకేశారు. ఆ కేక ఆయనకి అందలేదు. తల వంచుకుని, ఊపిరి బిగబట్టి, చేతికేసి చూస్తూ కూర్చున్నారు. వేళ్ళ సందుల్లో నురుగు ఒక్కొక్క బుడగే పగులుతోంది.